యూనిఫాం వేసుకోవాలి సరే, బడి కౌంటరులోనే ఎందుకు కొనాలి?

అమ్మా, మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికీ తెలుస్తుంది. మీది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. మీవారు రెండెకరాలు కౌలుకు చేస్తారు. అబ్బాయి ఏడో తరగతిలోకి, పాప మూడో తరగతిలోకి వచ్చారు. ఇద్దరిదీ ఒకే ప్రైవేటు బడి. ఈ ఏడాది బడివాళ్లు యూనిఫాం రంగు మార్చారు. బట్టలు, టై, బెల్టు, బూట్లు అన్నీ బడి కౌంటరులోనే తీసుకోవాలని ఇద్దరికీ కలిపి 13,600 రూపాయలు అడిగారు. దానికి తోడు ఇంటి నుంచి క్యారేజీ తేవద్దని, మధ్యాహ్నం బడి భోజనమే తినాలని, ఒక్కొక్కరికి నెలకు 1,500 కట్టమన్నారు. ఇలా అడిగే హక్కు వాళ్లకు ఉందా, పిల్లల్ని ప్రభుత్వ బడిలో వేస్తే ఈ ఖర్చు నిజంగా తప్పుతుందా, కొత్త బూట్లు తప్పవా అన్నవి మీ ప్రశ్నలు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా, తర్వాత ప్రధానోపాధ్యాయుడిగా, కొంతకాలం మండల విద్యాశాఖాధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మధ్యాహ్న భోజనం లెక్కలు రాసిన చేతులే ఇవి. ప్రైవేటు బడుల ఫిర్యాదులు కూడా నా బల్ల మీదికే వచ్చేవి.

పిల్లలు యూనిఫాంలో రావాలని బడి అడగవచ్చు. రంగు, నమూనా వాళ్లే నిర్ణయించుకోవచ్చు. ఆ గుడ్డ తమ దగ్గరే కొనాలని పట్టుబడితే మాత్రం అది చదువుకు సంబంధించిన నియమం కాదు, వ్యాపారం. భోజనం కూడా అంతే. పెట్టడం మంచిదే, బలవంతంగా అంటగట్టడం కుదరదు. కాకపోతే ఈ మాట బడికి వెళ్లి నోటితో అంటే పని జరగదు. ఎలా అడగాలో కింద రాస్తాను. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని భయపెట్టింది యూనిఫాం బిల్లే అయినా అసలు బరువు అందులో లేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. అంటే మీ పాప 200 రోజులు, అబ్బాయి 220 రోజులు బడిలో తింటారు. మొత్తం 420 భోజనాలు. పది నెలలకు మీరు కట్టేది 30,000. ఒక్కో భోజనం 71 రూపాయలు పడుతోంది. మూడో తరగతి పాప తినే నాలుగు ముద్దలకూ అదే ధర. మీ ఇంట్లో బియ్యం కొనుక్కునేది కాదు. పప్పు, కూర, పెరుగు, వారానికి రెండు మూడు గుడ్లు వేసుకున్నా ఒక పిల్లవాడి క్యారేజీకి ముప్పై రూపాయలు దాటదు. 420 క్యారేజీలకు 12,600. మిగిలిన 17,400 రూపాయలు మీరు యూనిఫాం బిల్లు కంటే ఎక్కువగా, ఎవరూ గమనించకుండా, నెలనెలా కడతారు. యూనిఫాం ఏడాదికొకసారి కళ్లముందు కనిపించే దెబ్బ. భోజనం నెలకు మూడు వేలుగా విడిపోతుంది కాబట్టి బిల్లులా అనిపించదు.

పోల్చుకోవడానికి మరో అంకె. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు వంటివాటికి 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన ఖర్చు ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం విడిగా ఉచితంగా వస్తుంది, గుడ్డు ఖర్చు రాష్ట్రం విడిగా పెడుతుంది. ఆ డబ్బు చాలదని వంట చేసే ఆడవాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు, అందులో న్యాయం ఉంది. నెలకు మూడు వేల గౌరవ వేతనంతో, ముందు అప్పు తెచ్చి వండి, తర్వాత బిల్లు కోసం ఎదురుచూసేది వాళ్లే. అయినా ఆ పది రూపాయలకూ మీ 71 రూపాయలకూ మధ్య ఉన్న దూరం చూడండి. బియ్యం, గుడ్డు, వంట కూలి అన్నీ కలుపుకున్నా ఆ దూరం పూడదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకు తెల్లవారకముందే బండి ఎక్కి వెళ్లే తల్లులను నేను ఎరుగుదును. వాళ్లకు బడిలో వేడి అన్నం దొరకడం వరం, దానికి డబ్బు పెట్టడానికి కూడా వాళ్లు సిద్ధమే. కాబట్టి బడి భోజనమే తప్పని నేను అనను. కావలసినవాళ్లు తీసుకోవాలి, అక్కరలేనివాళ్లు క్యారేజీ తెచ్చుకోవాలి. మీరు తీసుకోవాలనుకున్నా ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: వంట ఎవరు చేస్తారు, ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు ఉందా? పిల్లల ఆహారంపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం భోజనం అమ్మే బడి ఆ నమోదు చేయించుకోవాలి. పద్నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. క్యారేజీ వద్దని చెప్పే బడి లోపలే చిప్స్ ప్యాకెట్లు వేలాడుతుంటే ఈ నిబంధన గుర్తుచేయండి, బాగా పనిచేస్తుంది.

ఇక యూనిఫాం. బడివాళ్లు ఎందుకు ఇలా చేస్తారో తెలిస్తే ఎక్కడ గట్టిగా పట్టుకోవాలో తెలుస్తుంది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు బడుల ఫీజులు ఖరారు చేస్తూ 53వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. గ్రామ పంచాయతీల్లో ప్రాథమిక స్థాయికి ఏడాదికి 10,000, ఉన్నత స్థాయికి 12,000 అన్నారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తర్వాత పరిస్థితి ఏమిటంటే, కరపత్రంలో ఫీజు తక్కువగా కనిపించాలి, లేకపోతే పక్క ఊరి బడి బస్సు పిల్లల్ని ఎక్కించుకుపోతుంది. ఉపాధ్యాయుల జీతాలు, బస్సు డీజిలు ఆగవు. ఆ తేడా కౌంటరులో రాబట్టుకుంటారు. కోనసీమలో చిన్న బడుల యాజమాన్యాలు చాలావరకు ఇలాగే బతుకుతున్నాయి. వాళ్లు దొంగలని నేను అనను కానీ, వాళ్ల లోటు పూడ్చే బాధ్యత కౌలురైతుది మాత్రం కాదు.

వాళ్ల ఉపాయం రంగు దగ్గర లేదు, గళ్ల దగ్గర ఉంది. తెల్ల చొక్కా, నీలం ప్యాంటు అయితే ఏ బట్టల కొట్టులోనైనా దొరుకుతుంది. అందుకే మిల్లుకు ఆర్డరు ఇచ్చి ఎక్కడా దొరకని గళ్లు నేయిస్తారు. మీరు బయట కొన్నా గళ్లు కలవవు, పిల్లవాడు వరుసలో వేరుగా కనిపిస్తాడు, మర్నాడు ఏడుస్తూ వస్తాడు. చివరికి కౌంటరుకే వెళతారు. కాబట్టి బడితో మాట్లాడేటప్పుడు ధర తగ్గించమని బతిమాలవద్దు, వంద రూపాయలు తగ్గించి పంపేస్తారు. అడగవలసినవి రెండు. గుడ్డ నమూనా ముక్క, మిల్లు పేరు, రంగు నంబరు ఇవ్వమనండి. బ్యాడ్జి విడిగా అమ్మమనండి, ఇంట్లో కుట్టుకుంటాం అనండి. ఈ రెండూ ఇస్తే ఉచ్చు విడిపోయినట్లే.

నమూనా ముక్క చేతికి వచ్చాక పదిమంది తల్లిదండ్రులు కలిస్తే ద్వారపూడిలో గానీ, రాజమహేంద్రవరం తాడితోటలోని హోల్‌సేల్ వస్త్ర సముదాయంలో గానీ తానుగా కొనవచ్చు. గళ్లు అచ్చంగా కలవకపోతే, ఇంతమంది కొంటాం తెప్పించండి అని వ్యాపారిని అడగవచ్చు. ఒక ఊళ్లో తల్లులు ఇలా కొని ఊరి టైలరుకే అందరివీ కలిపి ఇస్తే, కౌంటరు ధరలో సగానికి కాస్త పైన తేలింది. గుడ్డ పన్నా ముందే కనుక్కోండి. వెడల్పు పన్నా అయితే మీటర్లు బాగా తగ్గుతాయి, టైలరు చెప్పినట్లు కొనండి, కొట్టువాడు చెప్పినట్లు కాదు. ప్యాంటు కాళ్ల కింద, స్కర్టు అంచున మూడు వేళ్ల మడత లోపలికి వదిలించండి. ఏడో తరగతి అబ్బాయి సంక్రాంతి నాటికి పొడుగైపోతాడు. ఇక్కడ మూడు జతలు అడిగితే అది దండగ అనుకోవద్దు. జూలై, ఆగస్టు నెలల్లో మన వైపు ముసురు పడితే ఉతికిన గుడ్డ రెండు రోజులకూ ఆరదు. పోలిస్టర్ ఎక్కువున్న గుడ్డ త్వరగా ఆరుతుంది కానీ వేసవి ఉక్కలో పిల్లల ఒళ్లు పేలిపోతుంది. నూలు, పోలిస్టర్ కలిపి నేసిన గుడ్డ రెండింటికీ మధ్యస్థం.

కౌంటరులోనే కొనక తప్పకపోతే బిల్లు తీసుకోండి. తెల్ల చీటీ మీద పెన్సిలుతో రాసింది కాదు, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు పన్ను అయిదు శాతమే. నోటుపుస్తకాలకు, పెన్సిళ్లకు అసలు పన్నే లేదు. ఆ బిల్లు అడగగానే చాలా కౌంటర్లలో మాట తీరు మారిపోతుంది.

చట్టం ఏమంటుందో ఇప్పుడు చెబుతాను, ఇందులో మీకు నిజంగా ఉపయోగపడేది ఎంతో కూడా. 2009 విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షన్ బడిలో చేర్చుకునేటప్పుడు క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయకూడదంటుంది. బడి ప్రకటించిన ఫీజు కాక అడిగే ఏ విరాళమైనా, ఏ చెల్లింపైనా క్యాపిటేషన్ ఫీజే అని ఆ చట్టమే నిర్వచించింది. తీసుకుంటే దానికి పది రెట్ల వరకు జరిమానా. మీ పిల్లలు పాత విద్యార్థులు, కొత్తగా చేరడం లేదు కాబట్టి ఈ సెక్షన్ మీకు సూటిగా వర్తించకపోవచ్చు. అయినా బడి ప్రకటించిన ఫీజుల పట్టిక ఏమిటన్న ప్రశ్న అడగడానికి ఇది మంచి ఆధారం. భోజనం ఖర్చు ఆ పట్టికలో లేకపోతే వాళ్లే ఇరుకున పడతారు.

మీకు సూటిగా వర్తించేది 17వ సెక్షన్. పిల్లల్ని శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. కొత్త యూనిఫాం లేదని ఎండలో నిలబెట్టడం, భోజనం డబ్బు కట్టలేదని క్యారేజీ తెరవనివ్వకపోవడం, ప్రార్థనలో పేరు చదవడం, ఇవన్నీ దీని కిందికి వస్తాయి. ఇలాంటిది జరిగితే తేదీ, సమయం రాసి పెట్టుకోండి. నేను మండల విద్యాశాఖాధికారిగా ఉన్నప్పుడు ధరల గురించిన ఫిర్యాదులు నెలలు సాగేవి. పిల్లవాణ్ణి బయట నిలబెట్టారన్న కాగితం వస్తే మాత్రం అదే రోజు బడికి వెళ్లేవాణ్ణి.

మీ ఇంటి పక్కన ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరే పిల్లలుంటే వాళ్లకు ఒక మాట చెప్పండి. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి, మన రాష్ట్రంలో 2022-23 నుంచి అమలవుతోంది. మీ ఇద్దరికీ ఇది వర్తించదు, ఒకటో తరగతిలో చేరినవారికే.

ఇప్పుడు జూన్ గురించి. బడులు 12న తెరుస్తారు. మీ ఇంట్లో ఆ రోజు ఏం జరుగుతుందో నాకు తెలుసు: దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు వచ్చి కౌలు మక్తాకు, పాత బాకీలకు పోయి ఉంటుంది, సార్వా (ఖరీఫ్) ఆకుమడికి విత్తనాలు, దుక్కి కూలి ముందుకొచ్చి ఉంటాయి. ఓడలరేవు, అంతర్వేది వైపు మత్స్యకారులకు ఇంకా ఘోరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బడి తెరిచిన మూడు రోజులకు గానీ పడవ నీళ్లలో పడదు. డెల్టాలో చేతిలో డబ్బు లేని వారం ఏదంటే అదే. ఆ వారంలోనే మొత్తం కట్టమనడం వల్ల మనవాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. ఇరవై వేలు జూన్‌లో తెచ్చి సార్వా గింజలు అమ్మి సంక్రాంతికి తీరిస్తే ఏడు నెలలకు వడ్డీ 4,200. యూనిఫాం బిల్లులో మూడో వంతు అదనంగా పోయినట్లు. అందుకే ధర కంటే వాయిదా గురించి ముందు అడగండి. ఒక జత ఇప్పుడు, మిగిలినవి దసరా తర్వాత అంటే చాలా బడులు ఒప్పుకుంటాయి. పాత యూనిఫాం దసరా దాకా వేసుకోనివ్వమని అడగడంలో కూడా తప్పు లేదు. రంగు మార్చింది వాళ్లు.

తల్లికి వందనం డబ్బు పడుతుందిగా అని కౌంటరులో అంటారు. 2025లో ఒక్కో పిల్లకు 15,000లో రెండు వేలు బడి నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేశారు. ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తుంది, 75 శాతం హాజరు ఉండాలి. అది మీ ఖాతాలో పడే డబ్బు, దాన్ని దేనికి వాడాలో మీరే నిర్ణయించుకోవాలి. ఆ డబ్బు మీద ముందస్తుగా సంతకాలు, ఖాళీ చెక్కులు అడిగితే ఇవ్వవద్దు.

ప్రభుత్వ బడికి మారితే ఏం తప్పుతుంది? పుస్తకాలు, నోటుపుస్తకాలు, సంచి, బెల్టు, బూట్లు, రెండు జతల సాక్సులు, మూడు జతలకు గుడ్డ కిట్టులో వస్తాయి. 2020లో విద్యా కానుకగా మొదలై ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అన్న పేరుతో ఇస్తున్నారు. పూర్తిగా ఉచితమా అంటే, కుట్టుకూలి దగ్గర కాదు. ఎనిమిదో తరగతి వరకు మూడు జతలకు కలిపి 120 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు 240 ఇస్తారు. జతకు నలభై రూపాయలకు ఏ టైలరూ కత్తెర పట్టడు. కాబట్టి కుట్టుకూలి చాలావరకు మీదే అనుకోండి. ఊళ్లో డ్వాక్రా సంఘంలో కుట్టు నేర్చినవాళ్లుంటే వాళ్ల దగ్గర తక్కువలో అవుతుంది. ఆటో ఖర్చు దూరాన్ని బట్టి.

భోజనం మాత్రం నిజంగా ఉచితమే, పదో తరగతి వరకు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా పెడుతున్నారు. దాని పేరు ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిది. మీకు ఆమె గురించి నేను చెప్పనక్కరలేదు, లంకల గన్నవరం మీకు ఎంత దూరం. పిల్లలు తినరని చాలామంది తల్లులు నాతో అనేవారు. ఆ మాటలో నిజముంది. స్వర్ణ బియ్యం తిని పెరిగిన పిల్లలకు దొడ్డు బియ్యం ముద్ద కడితే మింగుడుపడదు. సగం పళ్లెం కుక్కలపాలయ్యేది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, ఈ ఒక్క మార్పు మెనూలో చేసిన అన్ని మార్పుల కంటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. మారేముందు ఒక పని చేయండి: పన్నెండున్నరకు ఆ బడికి వెళ్లి వరండాలో కూర్చుని చూడండి. ఎంతమంది పిల్లలు ఇంటి క్యారేజీ తెరుస్తున్నారో లెక్కపెడితే అక్కడి వంట సంగతి తెలిసిపోతుంది. చదువు ఎలా ఉందో కూడా అప్పుడే కాస్త తెలుస్తుంది. నాలుగు డబ్బులు మిగులుతాయని మాత్రమే బడి మార్చవద్దు. పాపను మార్చడం తేలిక, ఏడో తరగతి అబ్బాయి విషయంలో వాణ్ణి కూడా అడగండి.

బదిలీ సర్టిఫికెట్ ఇవ్వకుండా బాకీ కట్టమని కూర్చోబెడతారేమోనన్న భయం మీకుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. ముందు చేర్చేయండి, కాగితం తర్వాత వస్తుంది.

పిల్లల్ని ఇప్పుడున్న బడిలోనే ఉంచాలనుకుంటే బడికి ఉత్తరం రాయండి. ఒక్కరే వెళ్లవద్దు, పది సంతకాలతో వెళ్లండి. మీ పిల్లవాడిని తర్వాత వేరుగా చూస్తారన్న భయానికి అదొక్కటే మందు. ఉత్తరంలో కోపం వద్దు. ఇలా ఉంటే చాలు: "మా పిల్లలు యూనిఫాంలోనే వస్తారు. గుడ్డ నమూనా, బ్యాడ్జి ఇప్పించగలరు. మధ్యాహ్నం ఇంటి భోజనం పంపుతాము. ఈ ఏడాది ప్రకటించిన ఫీజుల పట్టిక ప్రతి ఒకటి ఇవ్వగలరు. ఏడు రోజుల్లో జవాబు కోరుతున్నాము." రెండో ప్రతి మీద తేదీతో అందినట్లు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే ఆ ప్రతి జతచేసి మండల విద్యాశాఖాధికారికి, తర్వాత అమలాపురంలో జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది, అది ఉంటే కాగితం ఎక్కడ ఆగిందో అడగవచ్చు. 2019 చట్టంతో ఏర్పడిన పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ రాష్ట్ర స్థాయిలో ఉంది, అక్కడికి తపాలాలో పంపినా చాలు. ఫీజుల పట్టిక బడి ఇవ్వకపోతే మండల కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము అయిదు రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

చివరగా బూట్లు. నల్ల తోలు బూట్లతో పాటు శనివారానికి తెల్ల కాన్వాస్ బూట్లు కూడా కొనమన్నారని రాశారు. వానాకాలంలో మన రోడ్ల మీద తెల్ల బూట్లు రెండు వారాలు ఉండవు, తడి సాక్సులతో రోజంతా కూర్చుంటే వేళ్ల మధ్య ఒరుస్తుంది. తెల్లవి ఇప్పుడు కొనవద్దు. అక్టోబరు దాకా శనివారం చెప్పులతో రానివ్వమని అదే ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి. దీనికి మాత్రం ఏ బడీ అడ్డు చెప్పగా నేను చూడలేదు.